వేసినవాళ్ళే తీయాల్సిన కొమ్మ

2024 నవంబరు 17, ఆదివారం. నూట నలభై మూడు మంది.

విశాఖపట్నం నుంచి వచ్చే ఒక ట్రెక్కింగ్ కంపెనీ ఆ సాయంత్రం ఈ సంఖ్యను ఫోన్లలో ఘనంగా ప్రకటించుకుంది. జి.మాడుగుల కొండల్లో, బొడ్డమామిడి నుంచి గుమ్మిగరువుకు పోయే ఏడు కిలోమీటర్ల కాలిబాట మీద ఒకే రోజున అంతమందిని నడిపించడం తమ రికార్డు అని రాసుకుంది. కింద పొగమంచు ఫొటోలు, నారింజరంగు టోపీలు పెట్టుకున్న జనం, ఒక జలపాతం. చివరన, మిగతావాటన్నిటికంటే ఎక్కువమంది చూసిన పద్దెనిమిది సెకన్ల వీడియో: దారికి అడ్డంగా నిలబడి మొరుగుతున్న చోళ్ళరంగు కుక్క. 'పిచ్చికుక్క దాడి, మా సభ్యురాలికి తీవ్రగాయం' అని దాని కింద రాశారు.

ఆ కుక్కకు పిచ్చి లేదు. దాని పేరు మండియా. అక్కడివాళ్ళు మాట్లాడుకునే కొండ ఒరియాలో మండియా అంటే చోడి, అదే రాగిగింజ. రంగును బట్టి పెట్టిన పేరు. దాన్ని పెంచిన కిల్లో సోములమ్మ ఆ వీడియోను సోమవారం పొద్దున బొడ్డమామిడి కొట్టు దగ్గర, ఇంకొకరి ఫోనులో, మూడుసార్లు చూసింది. మూడోసారి ఆమె కుక్కను చూడలేదు. కుక్క ముందున్న నేలను చూసింది. తాను గురువారం అక్కడ వేసిన కొమ్మ లేదు. ఆమె ఫోను తిరిగి ఇచ్చేసింది. ఆమెకు యాభై ఒక్క ఏళ్ళు.

సోములమ్మ బొడ్డమామిడి, నిమ్మపుట్టు, గుమ్మిగరువు అనే మూడు ఊళ్ళకు ఆశా కార్యకర్త. మూడింట కలిపి డెబ్భై నాలుగు ఇళ్ళు. పదిహేడేళ్ళుగా వారానికి రెండుసార్లు కొండ ఎక్కి, రెండుసార్లు దిగుతోంది. పండుగలూ జ్వరాలూ వర్షాలూ తీసేసినా అది ఇరవై వేల కిలోమీటర్లు దాటుతుంది. సంచిలో జ్వరం బిళ్ళలు, మలేరియా పరీక్ష పట్టీలు, పసిబిడ్డలను తూచే కొక్కెం తక్కెడ, ఒక చిన్న కత్తి. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి వరకే చదివినా ఆమె రాత గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉంటుంది. భర్త గాసికి రెండెకరాల కాఫీ తోట ఉంది. కాఫీపళ్ళు కోసే రోజుల్లో కూడా ఆమె తోటకు పోకుండా కొండ ఎక్కుతుందని అతను మొదట్లో సణిగేవాడు. తర్వాత మానేశాడు.

ఆ బాటకు గుర్తులు చాలా తక్కువ. మూడు చీలికలు ఉన్నాయి. ఒక్కో చీలిక దగ్గర ఎప్పుడో నరికిన మోడు మీద నాలుగైదు రాళ్ళు పేర్చి ఉంటాయి, అంతే. మిగతాదంతా మనుషులు ఒకరికోసం ఒకరు పెట్టుకునే కొమ్మ మీద నడుస్తుంది. ముందు వెళ్ళినవాళ్ళు ఒక రెమ్మ విరిచి దారి వెంట పెడితే దాని కొస చూపించినవైపు వెళ్ళారని అర్థం. పచ్చికొమ్మ నరికి దారికి అడ్డంగా వేస్తే ఆ దారి మూసేశారని అర్థం. నేల పగిలి ఉండవచ్చు, తేనెటీగలు లేచి ఉండవచ్చు, ఎలుగు పిల్లలతో తిరుగుతూ ఉండవచ్చు. కారణం రాసి పెట్టరు. అడ్డంగా ఉన్న కొమ్మను ఎవరూ దాటరు. గాలికి పడిన కొమ్మ కాదని తెలియడానికి దాని మొదలు మీద ఒక రాయి పెడతారు. ఆ రాయి కూడా ఆ చోటిది కాకూడదు. వేరేచోటినుంచి మోసుకొచ్చి పెట్టాలి. అప్పుడు అది మనిషి చేసిన పనే అని చిన్నపిల్లకు కూడా తెలుస్తుంది. ఇంకొక్క నియమం ఉంది. కొమ్మను వేసినవాళ్ళే తీయాలి.

తొమ్మిదేళ్ళ కిందట జి.మాడుగుల సంతలో ఉప్పు అమ్మే బండి కింద పుట్టిన పిల్లల్లో ఒకటి సోములమ్మ వెంట పడి వచ్చింది. అదే మండియా. మంచు దిగి రెండడుగుల ముందున్నది కనపడని పొద్దుల్లో అది ఆమెకు పది గజాల ముందు నడిచి, వెనక్కి చూసి, మళ్ళీ నడిచేది. పాము కనపడితే మొరగదు, ఆగిపోతుంది. ఎలుగు వాసన తగిలితే ఆమె కాళ్ళకు అడ్డం పడుతుంది. అడ్డంగా వేసిన కొమ్మ దగ్గర కూర్చోవడం మాత్రం ఆమె నేర్పింది. చిన్నప్పుడు అది రెండుసార్లు కొమ్మ దాటింది. రెండుసార్లూ ఆమె మెడ పట్టుకుని వెనక్కి లాగి, కొమ్మకు ఇవతల కూర్చోబెట్టి, ఒక ముద్ద పెట్టింది. మూడోసారి అదే కూర్చుంది. ఆ తర్వాత తనతో నడిచేవాళ్ళు ఎవరైనా కొమ్మ దాటబోతే కూడా లేచి అడ్డం నిలబడి మొరగడం మొదలుపెట్టింది. ఊళ్ళో అందరూ నవ్వేవారు. ఈ కుక్కకు ఆశా పని ఇప్పించమని నిమ్మపుట్టు ఆడవాళ్ళు సోములమ్మను ఆటపట్టించేవారు.

కొమ్మ విషయంలో సోములమ్మకు నవ్వులాట లేదు. 2000 సంవత్సరం వానల్లో ఆమె తమ్ముడు బుధు కట్టెలకని వెళ్ళి, గుమ్మిగరువు కింది వాలులో మట్టి జారి దాని కింద పడి చచ్చిపోయాడు. ఆ వాలులో పగులును ఆ పొద్దున్నే ఒకడు చూశాడు. సంతకు ఆలస్యమవుతోందని కొమ్మ వెయ్యకుండా వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి చెప్పాడు. అప్పటికి తమ్ముడి కొడుకు ఫల్గుణకు రెండేళ్ళు. ఏడాది తిరక్కుండా వాడి తల్లి ఇంకో మనువు చేసుకుని ఒడిశా వైపు వెళ్ళిపోతే సోములమ్మే వాడిని పెంచింది. తన పిల్లలకు చోడి అంబలి పోసిన గిన్నెలోనే వాడికీ పోసింది. కొమ్మ ఎలా నరకాలో, రాయి ఎక్కడ పెట్టాలో వాడి చెయ్యి పట్టుకుని చూపించింది.

ఫల్గుణకు ఇప్పుడు ఇరవై ఆరేళ్ళు. డిగ్రీ మధ్యలో ఆపేశాడు. కిందటేడు ట్రెక్కింగ్ కంపెనీ మనిషి లక్ష్మీప్రసాద్ లంబసింగిలో మంచు చూడటానికి వచ్చేవాళ్ళకు 'ఎవరూ చూడని దారి' ఒకటి కావాలని వెతుక్కుంటూ వస్తే, ఈ బాటను చూపించింది ఫల్గుణే. కంపెనీ వాడికి గైడు పని, నారింజరంగు టోపీ, రంగుడబ్బా ఇచ్చింది. దారి పొడవునా బండల మీద వాడు నారింజ బాణాలు గీశాడు. సోములమ్మ అప్పుడు ఏమీ అనలేదు. పనికోసం వాడు చెన్నైకో బెంగుళూరుకో పోకుండా కళ్ళముందే ఉన్నాడని సంతోషించింది కూడా. ఆ సంతోషం తలచుకుంటేనే ఇప్పుడు ఆమెకు ఒళ్ళు మండుతోంది.

రెండో చీలిక దగ్గర దారి రెండవుతుంది. కుడివైపుది మెట్ట మీదుగా చుట్టు తిరిగిపోతుంది. ఎడమవైపుది ఇక్కడివాళ్ళు గెడ్డ అనే కొండవాగు ఒడ్డున పోయే దగ్గరిదారి. జలపాతం కనిపించేది ఆ వైపే. నవంబరు 14న, గురువారం, సోములమ్మ గెడ్డదారిన దిగుతూ ఒకచోట చెయ్యి దూరేంత పగులు చూసింది. వాలు మీది ముసురువానల నీళ్ళు లోపలే ఉన్నాయి. వెనక్కి ఎక్కి చీలిక దగ్గరికి వచ్చింది. కొమ్మకు మద్దిచెట్టు మంచిది. నాలుగు రోజులైనా ఆకు పచ్చగా ఉంటుంది. ఆ దగ్గర్లో మద్ది లేదు. నిమ్మపుట్టులో జ్వరంతో పడున్న ఒక ముసలామెకు చీకటి పడేలోగా బిళ్ళలు అందాలి. పక్కనే కాఫీతోటలో నీడకోసం నాటిన సిల్వరోక్ ఉంటే ఒక కొమ్మ ఏటవాలుగా నరికి దారికి అడ్డం వేసింది. గెడ్డలోకి దిగి, గుమ్మడికాయంత తెల్లటి గుండ్రాయి ఒకటి ఎత్తుకొచ్చి కొమ్మ మొదట్లో పెట్టింది. అది ఆమె చేసిన తప్పు. రాయి కాదు, కొమ్మ. సిల్వరోక్ ఆకు అడుగు ఎప్పుడూ బూడిదరంగే. నరికిన మర్నాటికే ఎండుకొమ్మలా కనపడుతుంది. పైగా గాలికి విరిగి పడటం దానికి అలవాటు. వేసేటప్పుడే ఆమెకు ఆ సంగతి తట్టింది. రాయి ఉంది కదా అనుకుంది.

ఆదివారం పొద్దున ఆమె గుమ్మిగరువులో ఏడోరోజు బిడ్డను తూస్తోంది. కుక్క కిందనుంచి జనం చప్పుడు విని ఎప్పుడో చీలిక దగ్గరికి దిగిపోయింది. దాని మొరుగు వినపడ్డప్పుడు సోములమ్మ పట్టించుకోలేదు. కొంతసేపటికి ఆ మొరుగు కుయ్యిమనే మూలుగైంది. బిడ్డను తల్లి ఒళ్ళో పడేసినట్టు పెట్టి ఆమె పరుగెత్తింది.

చీలిక దగ్గర మండియా ఎడమ ముంగాలు ఎత్తి పట్టుకుని మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. కొమ్మ పక్కనున్న తుప్పల్లో పడి ఉంది. గెడ్డవైపునుంచి కేకలు వినపడ్డాయి. అక్కడ, గురువారం ఆమె పగులు చూసిన చోటే, మట్టి ఒక మనిషి లోతున జారిపోయింది. హేమలత అనే బ్యాంకు ఉద్యోగిని, ముప్పై దాటి ఉండదు, చీలమండ విరిగి బురదలో కూర్చుని ఏడుస్తోంది. ఇరవైమంది చుట్టూ నిలబడి ఫోన్లు పైకెత్తి సిగ్నలు వెతుకుతున్నారు. సోములమ్మ రెండు వెదురుబద్దలు చీల్చి, తన తువ్వాలు చింపి, ఆ కాలు కట్టింది. కడుతుంటే హేమలత ఆమె చెయ్యి పట్టుకుని, పైన ఉన్న కుక్క మీదేనా అని అడిగింది. మావాళ్ళే రాళ్ళతో కొట్టారు, వద్దంటే వినలేదు అని చెప్పింది. సోములమ్మ ముడి బిగించింది.

ఫల్గుణ అక్కడే ఉన్నాడు. హేమలతను మోసుకుపోవడానికి కర్రలు కడుతూ సోములమ్మకు వీపు తిప్పి నిలబడ్డాడు. ఆమె వాడి ముందుకు వెళ్ళి, కొమ్మ ఎవరు తీశారని అడిగింది.

"కొమ్మేటత్తా? గాలికి సిల్వరోక్ కొమ్మ పడుంటే పక్కకి జరిపినాను."

తాను పెట్టిన రాయి వాలున దొర్లిపోయిందేమో అనుకుంది. తప్పు తనదేనేమో అన్న అనుమానం ఆ క్షణంలో ఆమెలో దూరింది. ఆ అనుమానం ఉన్నందుకే ఆమె ఆ రోజు వాడిని ఇంకేమీ అడగలేదు. తన కోపాన్ని తనమీదే పెట్టుకుని, కుక్కను ఎత్తుకుని కొండ దిగింది. సోమవారం వీడియో చూసింది.

మంగళవారం లక్ష్మీప్రసాద్ జీపులో వచ్చాడు. మెత్తగా, గౌరవంగా మాట్లాడే మనిషి. అరుగు మీద కూర్చోమంటే కూర్చున్నాడు, కాఫీ ఇస్తే తాగాడు. హేమలత కుక్కకు భయపడి పరుగెత్తి పడిందని, బుకింగులు రద్దవుతున్నాయని, అందరి క్షేమం కోసం కుక్కను అప్పగించమని చెప్పాడు. 25వ తేదీ సోమవారం కుక్కలను పట్టే వ్యాను వస్తుంది. పట్టుకెళ్ళి ఏం చేస్తారని గాసి అడిగితే దానికి సూటిగా జవాబు రాలేదు. వెళ్ళేటప్పుడు జీపు తలుపు పట్టుకుని, ప్రభుత్వం పని చేసే మనిషి కరిచే కుక్కను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతోందని పైవాళ్ళకు తెలిస్తే బాగుండదు కదా అన్నాడు. ఆ మాట కూడా గౌరవంగానే అన్నాడు. అతను తాగిన గ్లాసును సోములమ్మ మూడుసార్లు బూడిదపెట్టి తోమింది.

బుధవారం ఆమె కుక్కను ఇంట్లో కట్టేసి కొండ ఎక్కబోయింది. అది తాడు కొరుక్కుని మూడు కాళ్ళతో వెనకే వచ్చింది. రెండో చీలిక దగ్గర అది గెడ్డదారి మొదట్లో నేల వాసన చూస్తూ తిరిగి, కంపెనీ బాణం గీసిన ఒక రాయి దగ్గర కూర్చుంది. సోములమ్మ ఆ బాణాన్ని ఆదివారం కంగారులో చూడలేదు. కంపెనీ బాణాలన్నీ కదలని బండల మీద ఉంటాయి. ఇది విడిరాయి. ఆ మెట్టంతా ఎర్రమట్టి, పలకరాళ్ళు. ఇది తెల్లగా, గుండ్రంగా, గుమ్మడికాయంత ఉంది. దాని మీద నారింజరంగు బాణం గెడ్డదారివైపు చూపిస్తోంది.

ఆమె నేలమీద కూలబడింది. దారి మూసి ఉందని చెప్పడానికి తాను మోసుకొచ్చిన రాయి మీదే రమ్మని బాణం గీశారు. రాయిని ఎత్తకుండా కొమ్మను తీయలేరు. రాయిని ఎత్తినవాడికి అది గెడ్డరాయని తెలియకుండా ఉండదు. రంగుడబ్బా ఎవరి చేతిలో ఉంటుందో మూడు ఊళ్ళకూ తెలుసు. అప్పటిదాకా తన మీద ఉన్న కోపం మొత్తం వాడిమీదకు మళ్ళింది. అది ఎంత పెద్దదంటే, ఆమె గుమ్మిగరువు చేరి, ముగ్గురికి మందులిచ్చి, తిరిగి ఇంటికొచ్చేదాకా ఎవరితోనూ పొడిమాటలు తప్ప మాట్లాడలేకపోయింది. ఫల్గుణ ఆ సాయంత్రం వాకిట్లోంచి పోతూ అత్తా అని పిలిచాడు. ఆమె చూరు కింద చీపురు సర్దుకుంటూ ఉండిపోయింది. వాడే వచ్చి చెప్తాడేమో అని ఒక పూట సమయం ఇచ్చింది. వాడు రాలేదు.

21న, గురువారం, లక్ష్మీప్రసాద్ బడి వరండాలో మాట్లాడుకుందామన్నాడు. సోములమ్మ ఒప్పుకోలేదు. జరిగినచోటే మాట్లాడాలని చెప్పింది. అతను రొప్పుతూ, రెండుసార్లు కూర్చుని, రెండో చీలిక దాకా కొండ ఎక్కాడు. మూడు ఊళ్ళనుంచి ఇరవైమంది దాకా వచ్చారు. గుమ్మిగరువు ఊరిపెద్ద సుక్రు, డెబ్భై దాటినవాడు, అందరికంటే ముందే వచ్చి చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు.

"చూడండమ్మా, ఆ కుక్క మీద మాకేం పగ లేదు," అన్నాడు లక్ష్మీప్రసాద్. "రేపు ఇంకెవరినైనా కరిస్తే బాధ్యత ఎవరిది?"

"ఎవుల్ని కరిసిందో సెప్పండి బాబూ. పంటిగాటు ఒక్కటి సూపించండి."

"కరవకపోయినా తరిమింది కదా. ఆ భయంతోనే పరుగెత్తి పడిందావిడ."

సుక్రు చుట్ట నోట్లోంచి తీశాడు. "కుక్క ఉన్నాది ఇక్కడ. ఆయమ్మ పడినాది అక్కడ, రెండొందల గజాల అవతల. అంతదూరం తీరుబడిగా బయపడతా పోనాదేటి?"

ఆడవాళ్ళు నవ్వారు. సోములమ్మ నవ్వలేదు. ఆమె ఫల్గుణవైపు తిరిగింది. వాడు టోపీ చేతిలో పట్టుకుని అంచు నలుపుతున్నాడు.

"నువ్వు సెప్పు. ఆ కొమ్మ మీద రాయి ఉన్నాదా, నేదా?"

"నేదత్తా. గాలికి పడిన కొమ్మ మీద రాయెందుకుంటాది."

ఆమె గెడ్డదారి మొదటికి నడిచింది. బాణం గీసిన రాయిని రెండు చేతులా ఎత్తి, తెచ్చి, వాడి పాదాల ముందు పడేసింది. మట్టి లేచి వాడి బూట్ల మీద పడింది.

"మరిదెక్కడి రాయి?"

సుక్రు వంగి రాయిని తడిమి, అది గెడ్డరాయని, ఈ మెట్ట మీద అలాంటిది తన పుట్టుకలో చూడలేదని అందరికీ వినపడేలా చెప్పాడు. లక్ష్మీప్రసాద్ గుర్తులు వేయమన్నది తామేనని, రాయి ఏదైతే ఏమిటని అన్నాడు. ఎవరూ అతనివైపు చూడలేదు. అందరూ ఫల్గుణను చూస్తున్నారు. మండియా ఎత్తిపట్టుకున్న కాలితోనే వచ్చి, అలవాటుగా వాడి చేతి వాసన చూసింది. చిన్నప్పటినుంచీ దానికి ముద్ద పెట్టిన చేతుల్లో అదొకటి. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఉన్నాదత్తా," అన్నాడు. "రాయి ఉన్నాది. కోత కూడా సూసినాను. నీ కత్తికోతే."

"సూసి?"

"పదింటికల్లా జలపాతం కాడ ఉండాలన్నారు సారు. మెట్టదారిన గంట ఎక్కువ. ఈ ఒక్కసారికీ ఏటౌతాదిలే అనుకున్నాను."

"కుక్కని కొడతంటే?"

వాడు తల దించుకున్నాడు.

"మీ అయ్యకి కొమ్మ ఎయ్యనోడున్నాడే," అంది సోములమ్మ. గొంతు పెంచలేదు. "ఇరవై నాలుగేళ్ళు నాను వాడి ఇంటి నీళ్ళు తాగనేదు. వాడు ఎయ్యనేదంతే. నువ్వు ఏసింది తీసినావు."

లక్ష్మీప్రసాద్ గొంతు సవరించుకుని ఇది మీ ఇంటి విషయమని, వ్యాను మాత్రం సోమవారం వస్తుందని అన్నాడు. అప్పుడు ఫల్గుణ టోపీని ఆ రాయి మీద పెట్టాడు. కాగితం ఇమ్మని గాసిని అడిగాడు. సోములమ్మ సంచిలోంచి ఒక కాగితం, పెన్ను తీసి, వాడికి కాకుండా నేలమీద పెట్టింది. దారి మూసిన కొమ్మను గైడు అయిన తాను తెలిసే తీశానని, టైముకు చేరాలన్న ఆదేశం వల్ల తీశానని, కుక్క ఎవరినీ కరవలేదు, తరమలేదు, దారికి అడ్డం నిలబడిందని, దాన్ని కంపెనీ మనుషులే రాళ్ళతో కొట్టారని వాడు మోకాలి మీద పెట్టి రాశాడు. సంతకం చేశాడు. పదకొండుమంది సంతకాలు పెట్టారు, మిగతావాళ్ళు వేలిముద్రలు వేశారు. లక్ష్మీప్రసాద్ ఆ కాగితాన్ని చదివాడు. కాలు విరిగిన మనిషి చేతికి అది వెళితే ఏమవుతుందో అతనికి ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. ఆ తర్వాత అతని నోట వ్యాను మాట రాలేదు. క్షమించమన్న మాట కూడా రాలేదు.

తీర్పు సుక్రు చెప్పాడు. ఇంకొకరి కొమ్మ తీసినవాడు ఊళ్ళు చెప్పినచోట కొమ్మ వెయ్యాలి. వేసినవాడే తీయాలి, ఊళ్ళు తీయమన్నప్పుడే తీయాలి. కొమ్మ బొడ్డమామిడి రోడ్డు దగ్గర, బాట మొదట్లోనే పడాలన్నాడు.

"ఎన్నాళ్ళు?" అని ఎవరో అడిగారు.

"కుక్క కాలు నేలకి ఆనేదాకా."

కొమ్మకు తమవాళ్ళు, బయటివాళ్ళు అన్న తేడా లేదు. అది పడితే మూడు ఊళ్ళవాళ్ళూ ఆ బాట వదిలి నిమ్మపుట్టు మీదుగా పాతదారిన తిరిగిపోవాలి. ఏడు కిలోమీటర్లు పదకొండు అవుతుంది. అందరికంటే ఎక్కువ నడవాల్సింది సోములమ్మే. ఆమె సరేనంది.

తర్వాతి మూడు రోజుల్లో జరిగినవి ఇవి. శుక్రవారం వీడియో మాయమైంది. శనివారం వ్యాను రావడం లేదని కబురు వచ్చింది. 24వ తేదీ ఆదివారం పొద్దున రెండు బస్సులు వచ్చాయి. అరవై ఒక్కమంది దిగారు. బాట మొదట్లో చెయ్యంత లావు పచ్చి మద్దికొమ్మ అడ్డంగా పడి ఉంది, దాని మొదట్లో గెడ్డరాయి, నారింజ బాణం ఇంకా చెరగనిదే. పక్కన ఫల్గుణ మామూలు తువ్వాలు తలకు చుట్టుకుని కూర్చున్నాడు. బస్సుతో వచ్చిన కొత్త గైడు కొమ్మ తీయమన్నాడు. తాను తీయకూడదని, ఇంకెవరూ తీయలేరని ఫల్గుణ చెప్పాడు. వెనక కాఫీతోటల్లోంచి ఆడవాళ్ళు కత్తులు చేత పట్టుకుని పని మానేసి చూస్తున్నారు. బస్సులు అరగంట ఆగి తిరిగిపోయాయి. మధ్యాహ్నానికి కంపెనీ కొత్త ప్రకటన పెట్టింది. నిర్వహణ కారణాల దృష్ట్యా ఈ మార్గాన్ని తాము తాత్కాలికంగా మూసివేశామని, ప్రకృతి పట్ల తమకు ఎనలేని గౌరవం ఉందని రాసింది. కొట్టు దగ్గర ఎవరో చదివి వినిపిస్తే సోములమ్మ రోడ్డు మీద ఉమ్మేసింది.

గుమ్మిగరువు బిడ్డకు అది పద్నాలుగో రోజు. బస్సులు పోయాక ఆమె సంచి వేసుకుని పాతదారిన బయలుదేరింది. మండియా మూడు కాళ్ళ మీద వెంట పడింది. కొమ్మ దగ్గరనుంచి ఫల్గుణ లేచి వచ్చాడు.

"అత్తా, నానూ రానా? అది నడవనేకపోతే ఎత్తుకుంటాను."

తీర్పు తర్వాత ఆమె వాడితో మాట్లాడిన మొదటి మాట ఇది: "నా ఎనకాల రాకు. ముందు నడు. నువ్వేటి సేత్తన్నావో నాకు కనపడాల."

వాడు ముందు నడిచాడు, మధ్యలో కుక్క, వెనక ఆమె. నిమ్మపుట్టు దాటాక దిగుడులో వాడు ఆగాడు. దారి అంచున మట్టి నెర్రె విచ్చి, కొత్తగా, సన్నగా గీత పడి ఉంది. ఆమె ఆ గీతను వాడికంటే ముందే చూసింది. వాడేం చేస్తాడో చూస్తూ నిలబడింది. వాడు చుట్టూ చూసి, పక్కనే ఉన్న సిల్వరోక్‌ను వదిలేసి, వంద గజాలు పైకి ఎక్కి మద్దికొమ్మ నరుక్కొచ్చాడు. అడ్డంగా వేశాడు. రాయికోసం గెడ్డలోకి దిగి వచ్చేసరికి పావుగంట పట్టింది. మోకాళ్ళదాకా తడిసి, రొమ్ముకు ఆనించుకుని తెచ్చిన రాయిని కొమ్మ మొదట్లో పెట్టి ఆమెవైపు చూశాడు.

మండియా వెళ్ళి కొమ్మ పక్కన కూర్చుంది. సోములమ్మ వంగి, రాయిని రెండు వేళ్ళతో అటూ ఇటూ నెట్టి, కదలడం లేదని చూసుకుంది. బాగుందని చెప్పలేదు. పక్క పొదలోంచి వేరే తోవ తీయమని చేత్తో చూపించి, వాడు ముందు నడిచేదాకా అక్కడే నిలబడింది.